‘టూల్ వెండర్’ను ‘సాధన విక్రేత’ అనవచ్చునా?

ప్రశ్న (గుంటూరు): మా ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థుల కోసం, ఎంబెడెడ్ సిస్టమ్స్ (యంత్రాల్లో ఇమిడి పనిచేసే కంప్యూటర్ వ్యవస్థలు) ఆర్కిటెక్చర్ మోడలింగ్‌కు, అంటే వాటి అమరికను తయారీకి ముందే నమూనాగా రూపొందించడానికి, పనికివచ్చే సాఫ్ట్‌వేర్ సాధనాలను ఎవరి వద్ద తీసుకోవాలో వివరించే తెలుగు కరపత్రం రాస్తున్నాను. ‘టూల్ వెండర్’ను ‘సాధన విక్రేత’ అన్నాను. ఇది సరిపోతుందా? ‘ఆర్కిటెక్చర్’కు ‘వాస్తు’ అనవచ్చునా?

జవాబు (విజయవాడ): ‘వాస్తు’ వద్దండీ, చదివినవారు ప్రాసెసర్‌ను ఈశాన్యంలో పెట్టాలా అని అడుగుతారు. ‘నిర్మాణం’ చాలు.

‘విక్రేత’లో వ్యాకరణ దోషమేమీ లేదు. కొనేవాడు క్రేత, ‘వి’ చేరితే అమ్మేవాడు. చిక్కంతా ఆ శీర్షిక కింద మీరు చేర్చబోయే పేర్లతోనే వస్తుంది. ఏఏడీఎల్ (ఆర్కిటెక్చర్ అనాలిసిస్ అండ్ డిజైన్ లాంగ్వేజ్) ఇలాంటి నమూనాలు రాసే ఒక భాష. ఇంజినీరింగ్ ప్రమాణాలు రూపొందించే ఎస్ఏఈ సంస్థ 2004లో ప్రమాణంగా వెలువరించిన ఆ భాషను అమ్మేవారంటూ ఎవరూ లేరు. ఆ భాషలో రాసిన నమూనాను తీసుకొని, సెన్సర్ నుంచి బయలుదేరిన సమాచారం గమ్యం చేరడానికి ఎంత సేపు పడుతుందో, ప్రాసెసర్ మీద ఎంత భారం పడుతుందో, బోర్డు తయారు కాకముందే అంచనా కట్టే ‘ఒసాటే’ అనే సాధనాన్ని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోని సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ఇన్‌స్టిట్యూట్ సోర్స్ కోడ్‌తో సహా ఉచితంగా ఇస్తోంది. థేల్స్ సంస్థ తన అవసరాల కోసం తయారుచేసుకున్న ‘కాపెల్లా’ అనే నమూనా సాధనం కూడా ఇప్పుడు ఓపెన్ సోర్సే. దానికి శిక్షణను, సాంకేతిక సహాయాన్ని మాత్రం ఒబియో వంటి సంస్థలు రుసుముకు అందిస్తాయి. మాథ్‌వర్క్స్ వారి సిస్టమ్ కంపోజర్‌కు, స్పార్క్స్ సిస్టమ్స్ వారి ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్ట్‌కు లైసెన్సు కొనుక్కోవాలి. అన్నిటినీ ‘విక్రేతలు’ అనే మాట కిందికి తెస్తే, డబ్బు లేని విద్యార్థి ఆ పుట తిరగేయకుండానే పక్కన పెడతాడు. అందుచేత శీర్షికగా ‘సాధనాలు అందించేవారు’ అని రాసి, లైసెన్సు అమ్మేవారిని మాత్రమే విక్రేతలనడం మేలని నా అభిప్రాయం.

ప్రశ్న (గుంటూరు): బాగుందండీ, అలాగే మారుస్తాను. విక్రేతను తప్పక అడగవలసిన విషయాన్ని ఒక్క వాక్యంలో ఎలా చెప్పాలి?

జవాబు (విజయవాడ): ‘మీ సాధనంలో గీసిన నమూనాను రేపు మరొకరి సాధనంలోకి తీసుకువెళ్లగలమా?’ అని రాయండి. ఇలా సాధనాలు ఒకదానితో ఒకటి పొసగడాన్ని చెప్పే ‘ఇంటర్‌ఆపరబిలిటీ’కి సమాసం కట్టనవసరం లేదు. ఏఏడీఎల్ నమూనా మామూలు పాఠ్య ఫైలుగా ఉంటుంది కనుక అక్కడ ఈ బెడద తక్కువ. బొమ్మల రూపంలో నమూనాలు దాచే సాధనాల విషయంలో ‘ఎగుమతి ఉంది’ అన్న మాటతో సరిపెట్టుకోక, ఒక చిన్న నమూనాను మార్చి చూపించమని అడగాలి. బొమ్మలో భాగాలను చూపే పెట్టెలు చేరినా వాటి మధ్య సంబంధాలు చెదిరిపోవచ్చు.