ఓక్లహోమా కోర్టు సమన్లు: ప్లేనోలో ఉన్నవాణ్ని అక్కడికి లాగొచ్చా?

ప్లేనో (కొత్త సభ్యుడు):
అందరికీ నమస్కారమండీ. అమెరికా వచ్చి పద్నాలుగు నెలలైంది, టెక్సస్‌లోని ప్లేనోలో ఉంటున్నాను. మార్చిలో ఆన్‌లైన్‌లో ప్రకటన పెట్టి నా పాత టయోటా క్యామ్రీ కారును 7,800 డాలర్లకు అమ్మాను. కొన్నాయన ఓక్లహోమాలోని తల్సా నుంచి వచ్చి, మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనే నడిపి చూసుకుని, టైటిల్ (కారు యాజమాన్య పత్రం) మీద సంతకాలయ్యాక తీసుకెళ్లాడు. ఇప్పుడు గేర్‌బాక్స్ పోయిందని తల్సాలో కేసు వేశాడు. 20 రోజుల్లో జవాబివ్వాలని సమన్లలో ఉంది. నేను ఓక్లహోమాలో ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. వదిలేయొచ్చా? వీసాకేమైనా ఇబ్బందా? రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు.

అట్లాంటా:
తమ్ముడూ, ముందు ఆ కాగితాలను సొరుగులో పడెయ్యకు. నేను పడేశాను. 2014లో ఒహాయోలోని కొలంబస్‌లో అద్దె ఇల్లు ఖాళీ చేసి ఇక్కడికి, జార్జియాకు వచ్చాం. రెండు నెలల అద్దె, కార్పెట్ ఖర్చు కలిపి 2,300 ఇవ్వాలని పాత ఓనరు ఒహాయోలో కేసు వేశాడు. ఒహాయో ఎక్కడ, జార్జియా ఎక్కడ, వాళ్లేం చేస్తారులే అనుకున్నాను. మన ఊళ్లో ఎక్స్‌పార్టీ అంటామే, ప్రతివాది రాకపోతే ఇచ్చేసే తీర్పు, ఇక్కడ దాన్నే డిఫాల్ట్ జడ్జిమెంట్ అంటారు. అది తెచ్చుకుని, ఇక్కడి కోర్టులో నమోదు చేయించి, నేరుగా నా జీతం మీద పడ్డాడు. మా ఆవిడ పే స్లిప్ చూసి ‘ఈ 412 ఏంటండీ’ అని అడిగేదాకా నాకు తెలియదు. ఖర్చులు, వడ్డీ కలిపి నాలుగు వేలు దాటింది. ఖాళీ చేసిన రోజు తీసిన కార్పెట్ ఫొటోలు ఫోన్‌లో శుభ్రంగా ఉన్నాయి. చూపించే చోటే లేకపోయింది.

హ్యూస్టన్:
అన్నా, మీది వేరు. ఇల్లూ ఒహాయోదే, లీజూ ఒహాయోదే, కాబట్టి ఆ కోర్టుకు అధికారం ఉంది. ఇతనికి ఓక్లహోమాతో సంబంధమేంటి? అసలు జవాబే ఇవ్వొద్దు, ఇస్తే ఆ కోర్టుకు తలొగ్గినట్టే. పైగా 20 రోజులు దాటాక వచ్చే సోమవారం పొద్దున పది గంటల దాకా టైముంటుంది.

ఎడిసన్:
సోమవారం పది గంటల లెక్క టెక్సస్ కోర్టులది, ఓక్లహోమాకు పనికిరాదు. సమన్లలో ఉన్న గడువే గడువు. జవాబిస్తే తలొగ్గినట్టే అన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. కోర్టుకు పెట్టే మొట్టమొదటి కాగితంలోనే ‘నా మీద మీకు జ్యూరిస్డిక్షన్ (విచారించే అధికారం) లేదు’ అని అభ్యంతరం రాయాలి. ముందు గేర్‌బాక్స్ గురించి వాదించి, తర్వాత గుర్తొచ్చిందంటే కుదరదు.

1945లో ఇంటర్నేషనల్ షూ కేసు నుంచి అమెరికా సుప్రీంకోర్టు అడిగేది ఒకటే: ప్రతివాది తనంతట తాను ఆ రాష్ట్రంతో తగినంత సంబంధం పెట్టుకున్నాడా? 1980లో వచ్చిన వోక్స్‌వ్యాగన్ కేసు కూడా ఓక్లహోమాదే. న్యూయార్క్‌లో ఆడి కారు కొన్న కుటుంబం అరిజోనాకు వెళ్తూ దారిలో ఓక్లహోమాలో ప్రమాదానికి గురైంది. కారు ఏ రాష్ట్రానికైనా వెళ్తుందని ఎవరికైనా తెలుసు, అంతమాత్రాన న్యూయార్క్ డీలర్‌ను ఓక్లహోమాకు లాగలేరని తేల్చారు. 2008లో ఈబేలో పాత ఫోర్డ్ అమ్మిన విస్కాన్సిన్ అతణ్ని కాలిఫోర్నియాకు లాగబోతే, ఒక్క అమ్మకం చాలదని తొమ్మిదో సర్క్యూట్ (ఫెడరల్ అప్పీలు కోర్టు) అంది.

హ్యూస్టన్:
2021లో ఫోర్డ్ కంపెనీ సుప్రీంకోర్టులో ఓడిపోయింది కదా? కారు వేరే రాష్ట్రంలో అమ్మినా మోంటానాలో కేసు నడిచింది.

ఎడిసన్:
ఫోర్డ్‌కు మోంటానాలో డీలర్లున్నారు, ప్రకటనలున్నాయి, అవే మోడళ్లు అక్కడా అమ్మింది. ఈ అబ్బాయికి ఉన్నది ఒక్క క్యామ్రీ. మీరన్నట్టు ఊరుకుని, తీర్పు టెక్సస్‌కొచ్చాక అధికారం లేదని పోరాడే దారీ ఉంది. కానీ ఓక్లహోమా కోర్టుకు అధికారం ఉందని టెక్సస్ జడ్జి అంటే, గేర్‌బాక్స్ మాట ఇక ఎవరూ వినరు. కొత్తగా వచ్చిన పిల్లాడితో ఆ జూదం ఆడించకండి.

తలొగ్గడం అంటున్నారు కాబట్టి చెబుతున్నాను. తిరుపతిలో పెళ్లయిన జంటకు మిస్సోరీ కోర్టు ఇచ్చిన విడాకులు చెల్లవని 1991లో మన సుప్రీంకోర్టు చెప్పింది. భార్య ఆ కోర్టుకు జవాబు పంపింది, కానీ మీ అధికారాన్ని ఒప్పుకోవడం లేదని అందులోనే రాసింది. అందుకే ఆ జవాబు ఆవిడకు అడ్డు రాలేదు.

అట్లాంటా:
తమ్ముడూ, ఇది సివిల్ కేసు, అరెస్టు కాదు. వీసా గురించి టెన్షన్ పడకు. కేసు తేలేదాకా ఓక్లహోమాలో టర్నర్ ఫాల్స్ పిక్నిక్ మాత్రం వద్దు. 1990 బర్నమ్ కేసులో పని మీద కాలిఫోర్నియా వెళ్లిన న్యూజెర్సీ ఆయనకు అక్కడే కాగితాలు చేతికిచ్చారు, ఆ రాష్ట్ర కోర్టుకు అధికారం రావడానికి అదే చాలన్నారు.

ప్లేనో (కొత్త సభ్యుడు):
అన్నలకు చాలా థాంక్సండీ. తల్సా లాయర్‌తో రేపు మాట్లాడుతున్నాను, ఇంకా తొమ్మిది రోజులుంది. ఒకటి చెప్పలేదు. ఆయన రాకముందు వాట్సాప్‌లో గేర్‌బాక్స్ ఎలా ఉందని అడిగితే, బాగుందని రెండుసార్లు రాశాను. అప్పటికి బాగానే ఉంది.

ఎడిసన్:
లాయర్‌కు ముందు చెప్పాల్సింది అదే. అబద్ధం చెప్పి ఓక్లహోమా మనిషిని రప్పించావని వాళ్లు పట్టుకునేది ఆ మెసేజ్‌లనే. ఒక్కటి కూడా డిలీట్ చేయకు. ఆఖరి సర్వీసింగ్ బిల్లు కూడా వెతికి పెట్టుకో.