పుస్తకంల 1 అని ఉంది, ల్యాబ్‌ల 1386 వస్తుంది: ఆర్ఫన్ ప్రాసెస్ ఎట్ల చెప్పాలె?

హన్మకొండ_గెస్ట్‌లెక్చరర్:
అందరికి నమస్తే. హన్మకొండల ఒక డిగ్రీ కాలేజీల ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) చెప్త. నిన్న ల్యాబ్‌ల ఇజ్జత్ పోయినంత పనైంది. ఫోర్క్ (నడిచే ప్రోగ్రాం, అంటే ప్రాసెస్, తన నకలు ఇంకోటి పుట్టిచ్చే కాల్) ఎట్లనో గట్టెక్కిచ్చిన. ఒక్కసారి పిలుస్తే రెండుసార్లు తిరిగొస్తది, పుట్టిన చైల్డ్‌కు 0, పుట్టిచ్చిన పేరెంట్‌కు చైల్డ్ పీఐడీ, అంటే దాని నంబరు. అది నమ్మనీకే వాళ్లకు అరగంట పట్టింది. ఆర్ఫన్ (అనాథ ప్రాసెస్) కాడికొచ్చి "పేరెంట్ ముందు పోతే ఇనిట్ సాదుకుంటది, పీపీఐడీ 1 అయితది" అని బోర్డు మీద రాసిన. ఇనిట్ అంటే సిస్టంల మొదలు నడిచే 1 నంబరు ప్రాసెస్, పీపీఐడీ అంటే పేరెంట్ నంబరు. పేరెంట్ ముందు పోవాలెనని చైల్డ్‌ల స్లీప్ 20 (20 సెకండ్లు ఆగుడు) పెట్టి నడిపిచ్చినం. మొదటి బెంచి అమ్మాయి లేచి "సార్, నాకు 1386 వచ్చింది" అన్నది. పక్క సిస్టంల 1402. ఒక్కలకన్న 1 రాలె. "ఉబుంటుల (మా ల్యాబ్ లినక్స్) గంతే" అని దాటేసిన. సోమవారం మల్ల అదే బ్యాచ్. ఏం చెప్పాలె?

కాజీపేట_కెర్నెల్:
సార్, మీరు రాసింది పాత యునిక్స్ ముచ్చట, ఇప్పటికీ సగం నిజమే. 2012ల లినక్స్ 3.4తోని సబ్‌రీపర్ వచ్చింది. ఏ ప్రాసెస్ అయినా "నా కింద ఎవలు అనాథలైనా నాకే ఇయ్యి" అని కెర్నెల్‌కు (ఓఎస్ నడిమి భాగం) చెప్పుకోవచ్చు. డెస్క్‌టాప్‌ల లాగిన్ అయితే మీ పేరు మీద ఒక సిస్టమ్‌డీ (ఇప్పటి లినక్స్‌ల ఇనిట్ పని చేసే ప్రోగ్రాం) నడుస్తది, సాదుకునేది అదే. పీఎస్ (నడిచే ప్రాసెస్‌ల లిస్టు చూపే కమాండ్) కొట్టి 1386 ఎవరో చూపియ్యుండ్రి. తర్వాత కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి నల్ల స్క్రీన్ల లాగిన్ అయి అదే ప్రోగ్రాం నడపుండ్రి. అక్కడ మీ సిస్టమ్‌డీ కింద నడవదు గనక మీ 1 వస్తది.

పాత_సిసాడ్మిన్:
ఆర్ఫన్ కంటె జాంబీ కాడ ఎక్కువ సేపు ఆగు తమ్మీ. నేనైతే రేషన్ కార్డు చెప్త. మనిషి పోయిండు, గది ఖాళీ అయింది, కార్డుల పేరు మాత్రం అట్లనే ఉంది. ఇంటోళ్లు పోయి తీసేపియ్యాలె. గట్లనే చైల్డ్ ఎగ్జిట్ అయితే మెమరీ మొత్తం వాపస్ పోతది, ప్రాసెస్ టేబుల్ల ఒక్క వరుస మిగుల్తది. అండ్ల ఎగ్జిట్ స్టేటస్ (ఎట్ల ముగిసిందో చెప్పే నంబరు) ఉంటది. పేరెంట్ వెయిట్ పిలిచి అది తీస్కుంటేనే ఆ వరుస పోతది. పేరెంట్‌ను ఓ నిమిషం పడుకోబెట్టి, ఇంకో టెర్మినల్ల పీఎస్ కొట్టిపియ్యి, జెడ్ (జాంబీ గుర్తు) కనబడ్తది. వాళ్లతోనే కిల్ మైనస్ 9 (ప్రాసెస్‌ను బలవంతంగ సంపే కమాండ్) కొట్టిపియ్యి. ఏం కాదు. సచ్చినోన్ని మల్ల ఎట్ల సంపుతరు? అప్పుడు పేరెంట్‌ను సంపమను. జాంబీ ఆర్ఫన్ అయి సిస్టమ్‌డీ చేతికి పోతది, అది వెంటనే వెయిట్ చేసి తుడిచేస్తది. రెండు పాఠాలు ఒక్కకాడనే.

హన్మకొండ_గెస్ట్‌లెక్చరర్:
సోమవారం అయిపోయింది. ఎఫ్3ల 1 వచ్చినప్పుడు క్లాసంత చప్పట్లు. రేషన్ కార్డుకైతే ఒక పిలగాడు "మా తాత పేరు ఇంక ఉంది సార్, జాంబీనా?" అన్నడు. గాయనే తర్వాత 1386కు, అంటే తన సిస్టమ్‌డీకి, కిల్ మైనస్ 9 కొట్టి చూసిండు. స్క్రీన్ మొత్తం పోయి లాగిన్ పేజీ వచ్చింది. గంటసేపు టైప్ చేసిన రికార్డు సేవ్ చెయ్యలేదట.