గెందేర్ బారుంగ్‌లో ఒక్క రేకు పలచగా పలుకుతోంది, గొట్టాన్ని ఎలా సరిచేయాలి?

జావా గామెలాన్ (ఇండోనేషియాలోని జావా దీవి సంప్రదాయ వాద్యబృందం) వాద్యాలు బాగుచేసే అలవాటున్నవారు దయచేసి చెప్పండి. నాది స్లెండ్రో (ఐదు స్వరాల) శ్రుతి గెందేర్ బారుంగ్, అంటే తాడు మీద వేలాడే కంచు రేకులు, వాటి కింద మోతనిచ్చే గొట్టాలు ఉండే వాద్యం. ఎడమ చివరి రేకు, అంటే కింది స్థాయి 6 అంకె స్వరం, పలచగా పలుకుతోంది. పక్కవన్నీ గుమ్మంటున్నాయి.

రేకు విప్పి తాడు రంధ్రాల దగ్గర పట్టుకుని కొడితే నిండుగా మోగుతోంది, కాబట్టి కంచులో పగులు లేదు. తాడు బిగువుగానే ఉంది, రేకు ఎక్కడా కర్రకు తగలట్లేదు. ఇక మిగిలింది కింద ఉన్న జింకు గొట్టమే. మూతి మీద ఊదితే దాని స్వరం రేకుకన్నా కాస్త తక్కువ. లోపల రెండు వేళ్లెత్తు నీళ్లు పోయగానే గాలిస్తంభం పొట్టిదై, రేకు ఒక్కసారిగా గుమ్మంది!

నీళ్లు ఉంచేస్తే తుప్పు. మూతి ఇరుకు చేస్తే స్వరం ఇంకా దిగుతుంది. రేకుని ఆకురాయితో రుద్దే ప్రసక్తే లేదు. ప్రతి గామెలాన్‌కీ సొంత శ్రుతి, పాడైతే ఇంకో సెట్టు రేకు సరిపోదు.

గొట్టం లోపలి అడుగు ఎత్తడానికి మైనం పోయాలా, చెక్క బిళ్ల అతికించాలా? ఏది జరజరమనకుండా నిలుస్తుంది? గొట్టం స్వరం రేకుతో అచ్చంగా కలిస్తే మోత బిగ్గరగా వచ్చి త్వరగా ఆరిపోతుంది కదా, ఎంత తేడా ఉంచుతారు?