1945–73 మధ్య ప్రపంచం బాగుపడింది బ్రెటన్‌వుడ్స్ వల్లేనా? మీరేమంటారు?

రెంటచింతల_ఎండ:
మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన పెద్ద మెసేజ్ పెట్టాడు, డాలర్ని బంగారానికి, మిగతా కరెన్సీల్ని డాలర్‌కి కట్టేసిన బ్రెటన్‌వుడ్స్ పద్ధతి రోజుల్లోనే లోకం బాగుపడింది, 1971లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఆ ముడి విప్పేశాక అంతా అధోగతే అని. అందరూ దండాలు పెట్టేశారు. నాకెందుకో పూర్తిగా ఎక్కలేదు. ఆర్థిక చరిత్రకారుడు మాడిసన్ లెక్కల ప్రకారం 1950-73 మధ్య ప్రపంచ తలసరి ఆదాయం ఏటా దాదాపు 2.9 శాతం పెరిగింది, అంతకుముందు గానీ ఆ తర్వాత పాతికేళ్ళలో గానీ అంత స్పీడ్ లేదు, అదొప్పుకుంటా. కానీ దానికి కారణం ఆ పద్ధతేనా?

లెక్కలమాస్టారు:
అదే కారణం. 1930ల్లో ఒక్కో దేశం తన కరెన్సీ విలువ తగ్గించుకుని, దిగుమతి సుంకాలు పెంచుకుని, పక్కోడి మార్కెట్ లాక్కుందామని చూసింది, చివరికి అందరూ కలిసి మునిగారు. ఇక ఆ పని చెయ్యం అని 1944 జులైలో అమెరికాలోని న్యూహాంప్‌షైర్‌లో, బ్రెటన్‌వుడ్స్ అనే చోట ఒక హోటల్లో 44 దేశాలు కూర్చుని రాసుకున్నాయి. ఔన్సు బంగారం 35 డాలర్లు, మిగతా కరెన్సీలకి డాలర్‌తో ఒక రేటు, అటూ ఇటూ 1 శాతం మించి కదలకూడదు, ఎవరికైనా చేతిలో డబ్బాడకపోతే ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) సర్దుతుంది. మన వీధిలో చీటీ లాంటిదే అనుకోండి, అందరూ కడతారు, అవసరమైనోడు ఎత్తుకుంటాడు. జపాన్ చూడండి, 1949లో డాలర్‌కి 360 యెన్లు అని పెట్టారు, 1971 దాకా అదే రేటు. ఒసాకాలో ఒక మిల్లు ఓనరు వచ్చే ఏడాది అమెరికా ఆర్డర్‌కి ఇవాళే ధర చెప్పగలిగాడంటే ఆ ధైర్యం ఎక్కడిది?

గోదారిగట్టు:
మాస్టారూ, చీటీ సంగతి సరే, అది అసలు ఎప్పుడు మొదలైందో చూశారా?
1946లో అమెరికా బ్రిటన్‌కి 375 కోట్ల డాలర్ల అప్పిచ్చింది, ఏడాదిలో పౌండ్‌ని ఎవరడిగినా డాలర్లలోకి మార్చాలి అని షరతు పెట్టింది. 1947 జులై 15న గేటు తీశారు. పౌండ్లున్న ప్రతి దేశం మాకు డాలర్లివ్వు అని క్యూ కట్టింది. ఐదు వారాలు, అంతే, ఆగస్టు 20న గేటు మూసేశారు, అప్పటికి మనకి స్వాతంత్ర్యం వచ్చి ఐదు రోజులు. ఆ దెబ్బకి మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. యూరప్ కరెన్సీలు డాలర్లలోకి మారడం మొదలైంది 1958 డిసెంబర్‌లో. మరి పశ్చిమ జర్మనీ, ఇటలీ దూసుకెళ్ళింది ఎప్పుడండీ? 1950ల్లోనే కదా, అంటే మీరు చెప్పే పద్ధతి పూర్తిగా నడవకముందే. కాకి వాలగానే తాటిపండు పడిందంటారు, ఇక్కడ పండు పడి రుచి కూడా చూశాక కాకి వచ్చింది.

పప్పుచారు:
కాకికి కూడా వీసా కావాలిగా అప్పట్లో 😀

లెక్కలమాస్టారు:
గోదారిగట్టు గారూ, మంచి పాయింటే, కాదనను. కానీ 1950లో పెట్టిన యూరోపియన్ పేమెంట్స్ యూనియన్ సంగతి మర్చిపోయారు. ఫ్రాన్స్ బెల్జియంకి బాకీ, బెల్జియంకి ఇంకోడు బాకీ, అన్నీ నెలాఖరున ఒకచోట కలిపి తీసేసి మిగిలింది మాత్రమే కట్టుకునేవారు. దానికి మూలధనం మార్షల్ ప్లాన్, అంటే యుద్ధం తర్వాత అమెరికా యూరప్‌కిచ్చిన సాయం డబ్బులోంచే ఇచ్చారు. 1953లో జర్మనీ పాత అప్పుల్లో సగం దాకా మాఫీ చేశారు. ఇవన్నీ దేశాలు కలిసి చేసినవేగా? నేనంటున్నది రేటు గురించి కాదు, ఇచ్చిన మాట మీద నిలబడ్డం గురించి.

గోదారిగట్టు:
రేటు గురించే మొదలెట్టారు మాస్టారూ, ఇప్పుడు మాట గురించి అంటున్నారు 🙂 సరే మాట గురించే మాట్లాడుకుందాం.
యుద్ధంలో బ్రిటన్ మన దగ్గర బట్ట, తిండి, సరుకు అంతా కొనుక్కుని డబ్బివ్వకుండా లండన్‌లో మన ఖాతాలో పౌండ్లు రాసుకుంటూ పోయింది. వాటి మీద ఇక్కడ రిజర్వ్ బ్యాంక్ రూపాయలు అచ్చేసింది, ధరలు మండిపోయాయి. యుద్ధం ముగిసేసరికి మనకి రావాల్సింది 100 కోట్ల పౌండ్లు దాటింది. బ్రెటన్‌వుడ్స్‌కి మన తరఫున చింతామణి దేశ్‌ముఖ్, షణ్ముఖం చెట్టి, ఏడీ ష్రాఫ్ లాంటివాళ్ళు వెళ్ళారు, కనీసం కొంత భాగమైనా ఈ కొత్త ఫండ్ (ఐఎంఎఫ్) ద్వారా డాలర్లలోకి మార్చుకోనివ్వండి అనడిగారు. ష్రాఫ్ అయితే, బ్యాంకులో పది లక్షల డాలర్లుండి టాక్సీకివ్వడానికి జేబులో చిల్లర లేనోడి పరిస్థితిలో మమ్మల్ని పెడుతున్నారు అన్నాడు. బ్రిటన్ తరఫున వచ్చిన ఆర్థికవేత్త కీన్స్ ఏమన్నాడు? అది మాకూ మీకూ మధ్య విషయం, ఇక్కడొద్దు అన్నాడు. తర్వాత 1949 సెప్టెంబర్‌లో పౌండ్‌ని 4.03 డాలర్ల నుంచి 2.80కి దించేశారు, మన మిగిలిన పౌండ్లకి డాలర్లలో విలువ రాత్రికి రాత్రి మూడో వంతు దాకా తగ్గింది. చీటీ డబ్బు మనది, పాట ఇంకోడిది.

రెంటచింతల_ఎండ:
ఇది నాకు తెలీదు. అయితే అదే మాడిసన్ లెక్కల్లో 1950-73లో మన తలసరి పెరుగుదల ఏటా 1.4 శాతమే. స్వర్ణయుగం మన వీధి దాకా రాలేదన్నమాట.

లెక్కలమాస్టారు:
అది మాత్రం బ్రెటన్‌వుడ్స్ మీద వెయ్యకండి. సుంకాలు తగ్గించుకునే వాణిజ్య ఒప్పందం గాట్‌లో మొదటి 23 దేశాల్లో మనమూ ఉన్నాం, తలుపు తెరిచే ఉంది. లైసెన్సులు, కోటాలు అంటూ మనమే గొళ్ళెం పెట్టుకున్నాం. కొరియా 1960ల్లో ఎగుమతుల మీద పడి ఎక్కడికెళ్ళిందో చూశాంగా. ఇంకోటి, పౌండ్ల విషయంలో మనకి అన్యాయం జరిగింది, ఒప్పుకుంటా, కానీ ఒకడికి అన్యాయం జరిగిందంటే పద్ధతి మిగతావాళ్ళకి పనిచెయ్యలేదని కాదు.

గోదారిగట్టు:
గొళ్ళెం మనదే, సగం ఒప్పుకుంటా. మిగతా సగం, పద్ధతిలోనే బొక్క ఉంది, ఆర్థికవేత్త ట్రిఫిన్ 1960లోనే చెప్పాడు. లోకానికి డాలర్లు కావాలంటే అమెరికా బయటికి పంపుతూనే ఉండాలి, పంపేకొద్దీ దాని దగ్గరున్న బంగారం సరిపోదు. చీటీ నడిపేవాడే తన చిత్తు కాగితాల మీద సంతకాలు పెట్టి డబ్బుగా ఇస్తుంటే ఎన్నాళ్ళు? 1971 ఆగస్టు 15, ఆదివారం రాత్రి నిక్సన్ టీవీలోకొచ్చి డాలర్లకి బంగారమిచ్చే కౌంటర్ మూసేశాడు. ఎవరినీ అడగలేదు, ఐఎంఎఫ్‌ని కూడా. ఇదీ మాట మీద నిలబడ్డం.

డాలస్_బాబాయ్:
మీ గొడవలో నాదో ముక్క. 1966 జూన్ 6న రూపాయి విలువ దించి డాలర్‌కి 4.76 రూపాయలున్నదాన్ని 7.50 చేశారు కదా, పాకిస్తాన్ యుద్ధం తర్వాత అమెరికా సాయం ఆపి, వానల్లేక గోధుమల ఓడల కోసం ఎదురుచూస్తున్న టైంలో. ఆ తర్వాత రెండేళ్ళకి మా పెదనాన్న అమెరికా చదువుకొచ్చాడు. చేతికిచ్చింది 8 డాలర్లు, అంటే కొత్త రేటులో 60 రూపాయలు. న్యూయార్క్‌లో దిగి టాక్సీ వైపు చూసి, జేబు తడుముకుని, ట్రంకుపెట్టె ఈడ్చుకుంటూ బస్సెక్కాడట. ష్రాఫ్ గారి టాక్సీ మాట ఇవాళ చదివి ఆయనకి ఫోన్ చేసి వినిపించా. నా బ్యాంకులో పది లక్షలు కూడా లేవురా అన్నాడు.