ఊళ్ళో ఉండి ఇంటి నుంచి పని: కరెంటు, హెచ్‌ఆర్‌ఏ సంగతి

గోదారిగట్టు:
హైదరాబాద్‌లో అద్దె ఇల్లు ఖాళీ చేసి, అమలాపురంలో మా ఇంటి నుంచే పని చేద్దామనుకుంటున్నాను. ఇన్వర్టర్ ఉన్నా కరెంటు పోగానే వైఫై తెగుతోంది. అద్దె మిగులుతుంది సరే, ఇంకేం చూసుకోవాలండి?

తీగలమనిషి:
ఇన్వర్టర్ ఎకో మోడ్‌లో ఉండుంటుంది. అందులో బ్యాటరీకి మారడం కాస్త ఆలస్యం, ఆ క్షణంలోనే రౌటర్ రీస్టార్ట్ అవుతుంది. త్వరగా మారే యూపీఎస్ మోడ్‌కి మార్చండి. అయితే అందులో వోల్టేజి సుమారు 180 కంటే తగ్గితే బ్యాటరీ మీదకి వెళ్ళిపోతుంది. లో వోల్టేజి ఊళ్ళలో బ్యాటరీ ఊరికే అరిగిపోతుంది. అలాంటి చోట రౌటర్‌కి విడిగా 12 వోల్టుల మినీ యూపీఎస్ (చిన్న బ్యాటరీ పెట్టె) మేలు. అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చూసి కొనండి. ఫైబర్ బాక్స్ (ఇంటర్నెట్ తీగ వచ్చి చేరే పెట్టె) వేరుగా ఉంటే దానికీ కావాలి, చాలామంది మర్చిపోయేది ఇదే.

లెక్కలబాబు:
అద్దె మొత్తం మిగలదండి. పాత పన్ను విధానంలో ఉంటే, అద్దె కట్టని నెలలకి హెచ్‌ఆర్‌ఏ (జీతంలో వచ్చే ఇంటద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు రాదు. ఇల్లు నాన్నగారి పేర ఉంటే ఆయనకి నిజంగానే బ్యాంకులో అద్దె వేసి చూపించొచ్చు. ఆయన దాన్ని ఆదాయంగా చూపాలి. కొత్త విధానంలో ఈ గొడవే లేదు, మినహాయింపే లేదు కాబట్టి.

తీగలమనిషి:
ఇంకోటి. మీ కేబుల్ ఆపరేటర్ దగ్గర బ్యాకప్ లేకపోతే ఇంట్లో ఎన్ని పెట్టినా దండగే. కరెంటు పోయినప్పుడు ఫైబర్ బాక్స్ మీద ఎర్ర లైటు వెలిగితే తేడా అటువైపే. హాట్‌స్పాట్‌కి వేరే కంపెనీ సిమ్ ఒకటి ఉంచుకోండి.