నల్గొండ మైన్‌క్రాఫ్ట్ సర్వర్: బ్యాన్ చేసినోడు పేరు మార్చుకొని మళ్లా వస్తున్నడు, ఏం చేయాలె?

నీలగిరి_అడ్మిన్:
మాది మైన్‌క్రాఫ్ట్ గేమ్ సర్వర్, పేపర్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తది. ఆడేది నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ పోరగాళ్లే. సగం మంది ఫోన్లల్ల గీజర్ (ఫోన్ గేమ్‌ను కంప్యూటర్ రకం సర్వర్‌కు కలిపే ప్లగిన్) ద్వారా వస్తరు. ఆన్‌లైన్-మోడ్ (అకౌంట్ అసలుదేనా అని చూసే సెట్టింగ్) ఫాల్స్ మీద ఉంది. ఒకడు ఎక్స్‌రే (రాయి లోపలిది చూపించే హ్యాక్) పెట్టి వజ్రాలు ఊడ్చేస్తున్నడు. బ్యాన్ కొడితే పేరు చివర ఒక అక్షరం మార్చి వెంటనే వస్తున్నడు. ఐపీ (నెట్ అడ్రస్) బ్యాన్ కొడితే వాడు ఆగలే, ఏ పాపం ఎరగనోళ్లు ముగ్గురు బయటపడ్డరు. పెయిడ్ యాంటీచీట్ (మోసం పట్టే ప్లగిన్) కొంటే తీరుతదా?

పాలమూరు_రెడ్‌స్టోన్:
కొనకు తమ్మీ. ఇది యాంటీచీట్‌తోని తీరేది కాదు. ఆన్‌లైన్-మోడ్ ఫాల్స్ ఉంటే యూయూఐడీ (సర్వర్ మనిషిని గుర్తుపట్టే నంబర్) పేరు నుంచే తయారవుతది. ఒక్క అక్షరం మారినా, చిన్న బడి పెద్ద బడి మారినా సర్వర్ లెక్కల కొత్త మనిషే. ఇంకో ముచ్చట: ఆథ్‌మీ లాంటి పాస్‌వర్డ్ ప్లగిన్ లేకుంటే నీ పేరు పెట్టుకొని వచ్చినోడికి నీ ఆప్ (అడ్మిన్) పవర్ మొత్తం దొరుకుతది. ముందు అది చూసుకో.

సర్వర్.ప్రాపర్టీస్‌ల ఆన్‌లైన్-మోడ్ ట్రూ చెయ్. ఫ్రీ లాంచర్‌తో ఆడేటోళ్లు పోతరు, జావా (కంప్యూటర్ మైన్‌క్రాఫ్ట్) ఆడాలంటే అకౌంట్ కొనాలె. ఫోన్లోళ్లకు ఫ్లడ్‌గేట్ (జావా అకౌంట్ లేకున్నా వాళ్లను రానిచ్చే ప్లగిన్) పెట్టి, గీజర్ కాన్ఫిగ్‌ల ఆథ్-టైప్‌ను ఫ్లడ్‌గేట్ చెయ్. ఎక్స్‌బాక్స్ లాగిన్‌తో వస్తరు, పేరు ముందు చుక్క ఉంటది. ఫ్లడ్‌గేట్ ఫోల్డర్‌ల ఉండే కీ.పెమ్ ఫైల్ ఎవ్వరికీ పంపకు. అది చేతిల ఉన్నోడు ఏ ఫోన్ ప్లేయర్ పేరుతోనైనా లోపలికొస్తడు.

ఎక్స్‌బాక్స్ అకౌంట్ ఫ్రీయే కాబట్టి వాడు ఇటునుంచి మళ్లా దూరుతడు. అందుకే వైట్‌లిస్ట్ (పేరున్నోళ్లనే రానిచ్చే లిస్ట్) ఆన్ చేసి, పాత ప్లేయర్ పూచీ ఇస్తేనే కొత్తోణ్ని చేర్చు. ఫోన్లోళ్లకైతే ఎఫ్‌వైట్‌లిస్ట్ యాడ్ కమాండ్. ఎన్‌ఫోర్స్-వైట్‌లిస్ట్ కూడా ట్రూ చెయ్, లేకపోతే లిస్ట్‌ల నుంచి తీసేసినోడు అప్పటికే లోపల ఉంటే కదలడు.

కృష్ణాతీరం_నెట్:
ఐపీ సంగతి నేను చెప్త. మొబైల్ డేటాల ఒక్క పబ్లిక్ ఐపీ వెనుక చాలామంది ఉంటరు, దాన్నే సీజీనాట్ అంటరు. నువ్వు బ్యాన్ చేసింది వాణ్ని కాదు, ఆ ఐపీ పంచుకునేటోళ్లందరినీ. వాడు ఫ్లైట్ మోడ్ ఆన్ చేసి తీస్తే చాలు, చాలాసార్లు వేరే ఐపీ వస్తది. హాస్టల్ వైఫైల ఆడేటోళ్లకైతే అందరికీ ఒకటే ఐపీ. ఇక ఐపీవీ6 (కొత్త రకం ఐపీ)ల ఒక అడ్రస్ ఆపితే ఫోన్ ఇంకోటి తీసుకుంటది, ఆపాలంటే మొత్తం /64 బ్లాక్ (ఆ కనెక్షన్ అడ్రస్‌లన్నీ) ఆపాలె. దాడి నడిచేటప్పుడు రెండు మూడు గంటలు ఐపీ ఆపు, పర్మనెంట్ మాత్రం వద్దు.

వనపర్తి_మాడ్:
ఎక్స్‌రేకు మందు పేపర్‌లనే ఉంది, పైసా ఖర్చు లేదు. కాన్ఫిగ్ ఫోల్డర్‌ల పేపర్-వరల్డ్-డిఫాల్ట్స్ ఫైల్ తీసి యాంటీ-ఎక్స్‌రే ఎనేబుల్డ్ ట్రూ చెయ్. ఇంజిన్-మోడ్ 1 అయితే రాయి లోపల దాగిన ఖనిజాన్ని క్లయింట్‌కు (ఆడేటోని గేమ్‌కు) వట్టి రాయిగా పంపుతది. వాని దగ్గరికి రాని డేటాను ఏ హ్యాక్ చూపించలేదు. మోడ్ 2 దొంగ ఖనిజాలు కూడా కలిపి పంపుతది, దాంతోని నెట్ ఎక్కువ కాలుతది. ఫోన్లోళ్లు ఎక్కువ కాబట్టి నీకు 1 చాలు. గుహల గాలి తగిలే వజ్రం మాత్రం కనిపిస్తనే ఉంటది. సర్వర్ రీస్టార్ట్ చెయ్, రీలోడ్ కొట్టకు.

వరల్డ్ సీడ్ (లోకం మొత్తం తయారయ్యే నంబర్) బయటికి పోతే ఇదంతా దండగ. అదే సీడ్‌తో ఇంట్ల సింగిల్ ప్లేయర్ తెరిచి వజ్రం ఎక్కడుందో చూసుకొని వస్తరు. అదే ఫైల్‌ల ఫీచర్-సీడ్స్ కింద అన్నిటికీ ర్యాండమ్ సీడ్ పెట్టే ఆప్షన్ ఉంది, కానీ కొత్తగా తయారయ్యే చంక్‌లకే (లోకంల ముక్కలకే) పనిచేస్తది.

అనుమానం వస్తే కోర్‌ప్రొటెక్ట్ (ఎవడు ఏ బ్లాక్ తవ్విండో రాసిపెట్టే ప్లగిన్) లుకప్ కొట్టు. అందరూ డైమండ్ ఓర్ ఒక్కటే వెతుకుతరు. కింద -59 ఎత్తు (వై) దగ్గర దొరికేదంతా డీప్‌స్లేట్ డైమండ్ ఓర్, అది వేరే బ్లాక్. రెండూ పెట్టకపోతే దొంగ కూడా సుద్దపూస లెక్క కనిపిస్తడు. సొరంగం నేరుగా పోతూ పోతూ ఒక్కసారే మలిగి వజ్రం మీద తేలితే, అట్ల పదే పదే జరిగితే, ఇక మాట్లాడేది లేదు.

నీలగిరి_అడ్మిన్:
ఆన్‌లైన్-మోడ్ మారిస్తే సామాన్లు పోతయా?

పాలమూరు_రెడ్‌స్టోన్:
పోవు, కొందరికి దొరకవు అంతే. అందరి యూయూఐడీలు మారుతయి కదా. ముందు వరల్డ్ బ్యాకప్ తీసి, యూజర్‌క్యాష్ ఫైల్ కాపీ పక్కన పెట్టుకో, పాత యూయూఐడీలు అందులనే ఉంటయి. మోడ్ మార్చినంక ఒక్కొక్కణ్ని ఒకసారి లోపలికి రమ్మను, కొత్త యూయూఐడీ లాగ్‌ల పడుతది. జావాల అదే పేరుతో వచ్చినోళ్ల పాత ప్లేయర్‌డేటాను పేపరే తెచ్చుకుంటది. సామాన్లు కనపడనోళ్లకు, అంటే చుక్క పేరుతో వచ్చే ఫోన్లోళ్లకు, సర్వర్ ఆపి ప్లేయర్‌డేటాల పాత ఫైల్‌కు కొత్త యూయూఐడీ పేరు పెట్టు. స్టాట్స్, అడ్వాన్స్‌మెంట్స్ ఫోల్డర్లల్ల అందరి ఫైళ్లకూ అంతే. పెట్టెలల్ల దాచింది ఎట్లున్నది అట్లనే ఉంటది. ల్యాండ్ క్లెయిమ్ ప్లగిన్ ఉంటే హక్కులు మళ్లా రాయాలె.

వనపర్తి_మాడ్:
పెంచుకున్న కుక్కలు కూడా ఓనర్‌ను గుర్తుపట్టవు. ఆ ప్లేయర్‌కు కాసేపు ఆప్ ఇచ్చి, కుక్క పక్కన నిలబడి డేటా మాడిఫై ఎంటిటీ కమాండ్‌తో ఓనర్ ట్యాగ్‌ల వాని కొత్త యూయూఐడీ పెట్టాలె. పని అయినంక ఆప్ తీసెయ్.