వరద క్లెయిమ్ సగానికి కోశారు: 20 శాతం ఇచ్చి కన్సల్టెంట్‌ని పెట్టుకోవాలా, మనమే పోరాడాలా?

సింగ్‌నగర్ బట్టలషాపు:
అందరికీ నమస్కారం. 2024 సెప్టెంబర్ 1న విజయవాడలో బుడమేరు మీద పడ్డప్పుడు మా షాపు మునిగింది. దసరా సరుకు అప్పుడప్పుడే దిగుతోంది, చీరలు, డ్రెస్ మెటీరియల్, కింది అరల్లో ఉన్నదంతా బురద. బ్యాంకు లోను ఉంది కాబట్టి బ్యాంకువాళ్ళే 12 లక్షలకి ఇన్సూరెన్స్ చేయించారు. మేం 9.6 లక్షల నష్టం చూపిస్తే కంపెనీ నాలుగు లక్షల చిల్లర ఇస్తానంటోంది, దీంతో క్లెయిమ్ పూర్తిగా తీరిపోయినట్టు వోచర్ మీద సంతకం కూడా అడుగుతోంది. ఇంతలో ఒక కన్సల్టెంట్ వచ్చి ముందు 5,000, తర్వాత అదనంగా వచ్చినదాంట్లో 20 శాతం ఇస్తే మిగతాది తెప్పిస్తానన్నాడు. మా బావమరిది ఇచ్చెయ్యమంటున్నాడు, మా ఆవిడ వద్దంటోంది. షాపు నా పేరు మీదే, ప్రొప్రైటర్‌షిప్. ఏం చేయమంటారు?

కృష్ణలంక అన్న:
ఇచ్చెయ్ బ్రదర్. పొద్దున్నుంచి రాత్రి దాకా కౌంటర్ దగ్గర నిలబడేవాళ్ళం, ఈ లెటర్లు, ఈ సెక్షన్లు మన వల్ల కాదు. అవతల కంపెనీకి ఒక డిపార్ట్‌మెంటే ఉంటుంది, మనకి ఎవరున్నారు? మా పక్క షాపాయన ఒక మనిషిని పెట్టుకున్నాడు, మొదట ఇస్తామన్నదానికంటే బాగా ఎక్కువ వచ్చింది. రాని డబ్బులో ఎనభై శాతం వస్తుంటే ఇరవై గురించి ఏడవడం దేనికి?

పాత ఫైలు:
నేను జనరల్ ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిమ్స్ సీట్లో కూర్చుని రిటైరయినవాణ్ణి. బాబూ, ముందు ఆ వోచర్ మీద సంతకం పెట్టకు. పెట్టినా హక్కు పూర్తిగా పోదు, బలవంతంగానో మోసంతోనో తీసుకున్న సంతకమైతే వోచర్ అడ్డు కాదని 1999లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఆ బలవంతం రుజువు చేసే భారం నీ నెత్తిన పడుతుంది, అది ఎందుకు?

రెండోది, నష్టం లెక్కకట్టిన సర్వేయర్ రాసిన సర్వే రిపోర్టు కాపీ కావాలని రాసి అడుగు. అది చూడకుండా ఎందుకు కోశారో నీకూ తెలీదు, ఆ 20 శాతం అడిగేవాడికీ తెలీదు. సర్వేయర్ రాసిందే వేదం కాదని 2009లో సుప్రీంకోర్టే అంది, కాబట్టి దాన్ని ప్రశ్నించవచ్చు. కంపెనీ గ్రీవెన్స్ సెల్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టు. నెల చూసి జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళు, కంపెనీల మీద ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారి ఆయన. ఏపీ, తెలంగాణ రెండింటికీ ఆఫీసు హైదరాబాద్ లక్డీకాపూల్‌లోనే. రూపాయి ఫీజు లేదు, 50 లక్షల వరకు వింటారు, ప్రొప్రైటర్‌షిప్ షాపులూ సూక్ష్మ (మైక్రో) వ్యాపారాలూ అందులోకి వస్తాయి. కంపెనీ తేల్చి చెప్పాక ఏడాది లోపు వెళ్ళాలి, అది దాటనివ్వకు. తీర్పు కంపెనీ పాటించాల్సిందే, నీకు నచ్చకపోతే నువ్వు కన్స్యూమర్ కోర్టుకి వెళ్ళొచ్చు.

కృష్ణలంక అన్న:
సార్, మీకు ఆ సీటు తెలుసు కాబట్టి తేలిక. ఆంబుడ్స్‌మన్ దగ్గర లాయర్‌ని కూడా రానివ్వరు కదా. కంపెనీ తరఫున రోజూ ఇదే పని చేసే ఆఫీసరు మాట్లాడతాడు, మన తరఫున చీరలు అమ్ముకునేవాడు నిలబడాలి. దాన్ని సమానమైన పోటీ అంటారా?

పాత ఫైలు:
లాయర్‌ని రానివ్వనిది నీలాంటివాడి కోసమే అన్నా. కంపెనీ కూడా లాయర్‌ని తెచ్చుకోకూడదు. వీడియోలో కూడా విచారణ పెడుతున్నారు, షాపు కట్టేసి హైదరాబాద్ పోనక్కర్లేదు. ఇంకో మాట. కేసు ఫలితంలో వాటా అడగకూడదని లాయర్లకే బార్ కౌన్సిల్ నియమం ఉంది. మరి ఏ నియమమూ వర్తించనివాడికి మనం వాటా ఎందుకు రాసివ్వాలి?

ఫ్రిస్కో నుంచి:
నేను డాలస్ దగ్గర ఉంటాను. ఇక్కడ వడగళ్ళ వాన పడితే చాలు, మన తెలుగువాళ్ళ ఇళ్ళన్నిటి రూఫ్‌ల మీదా ఇదే గొడవ. కాకపోతే ఇక్కడ ఇంటి ఓనరు తరఫున పనిచేసే పబ్లిక్ అడ్జస్టర్‌కి రాష్ట్రం లైసెన్సు ఇస్తుంది, టెక్సస్‌లో 10 శాతం కంటే ఎక్కువ తీసుకోకూడదు. ఫ్లోరిడాలో ఎమర్జెన్సీ ప్రకటించిన తుపాను క్లెయిమ్‌లకి 10, మిగతావాటికి 20. రూఫ్ వేసే కాంట్రాక్టరే అడ్జస్టర్‌గా బేరాలాడటం టెక్సస్‌లో నిషేధం. అంటే ఓనరుకి ఒక మనిషి అవసరమేనని చట్టం ఒప్పుకుంది, కానీ వరదలో మునిగినవాడి దగ్గర ఇష్టమొచ్చినంత లాగనివ్వలేదు. విజయవాడలో అన్నగారు అడిగేది న్యాయమే, ఒక మనిషి కావాలి. కానీ తప్పు చేస్తే లైసెన్సు పోతుందన్న భయం ఉన్న మనిషి కావాలి.

గుంటూరు సర్వేయర్:
నేను లైసెన్స్‌డ్ సర్వేయర్‌ని, ఈ ఫైలు నాది కాదు. అందరూ కంపెనీ దొంగ, సర్వేయర్ దొంగ అని మొదలుపెడతారు, అది నాకు బాధగానే ఉంటుంది, ఎందుకంటే క్లెయిమ్ తగ్గడానికి ఎక్కువగా కనిపించే కారణం ఏవరేజీ, అంటే సరుకు విలువకంటే తక్కువకి పాలసీ ఉంటే అదే నిష్పత్తిలో క్లెయిమ్‌ని కోయడం. షాపులో 24 లక్షల సరుకు ఉండి 12 లక్షలకే పాలసీ ఉంటే నష్టంలో సగమే వస్తుంది. మీ లెక్క అచ్చం అలాగే ఉంది. తడిసిన సరుకు అమ్మితే వచ్చే విలువ తీసేస్తే 9 లక్షలు అనుకోండి, అందులో సగం 4.5, పాలసీలో మీరు భరించాల్సిన భాగం పోగా నాలుగు చిల్లర. ఇదే నిజమైతే ఏ కన్సల్టెంటూ ఏమీ చేయలేడు. పైగా కొందరు లేని సరుకు చూపించి నష్టం పెంచమంటారు. అబద్ధం బయటపడితే మొత్తం క్లెయిమే పోతుంది, సంతకం మీది, జైలు భయం మీది, అతనికేం పోదు.

కాబట్టి ఒక్కటే ప్రశ్న. మీ మొత్తం సరుకు సింగ్‌నగర్ షాపులోనే ఉందా?

సింగ్‌నగర్ బట్టలషాపు:
లేదండీ. వన్‌టౌన్‌లో గోడౌన్ ఉంది, సుమారు 10 లక్షల సరుకు అక్కడే. అది మునగలేదు. పాలసీలో అడ్రసు షాపుది మాత్రమే. జీఎస్టీ నంబరు రెండింటికీ ఒకటే. ఈరోజు రిపోర్టు కాపీ వచ్చింది, సరుకు విలువ 24 లక్షలనే రాశారు, కొనుగోళ్ళు జీఎస్టీ పోర్టల్ నుంచి తీసుకున్నారు.

గుంటూరు సర్వేయర్:
అదీ విషయం. ఆ 24లో గోడౌన్‌ది 10 తీసేస్తే మునిగిన చోట ఉన్న సరుకు 14 లక్షలు. మీది చిన్న వ్యాపారాలకి ఇచ్చే భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ అయితే 15 శాతం వరకు తక్కువ ఇన్సూరెన్స్ ఉన్నా ఏవరేజీ వేయకూడదు. 14కి 12 అంటే తక్కువైంది 14 శాతం చిల్లర. అంటే ఏవరేజీ కోతే ఉండకూడదు. సూరత్ నుంచి వచ్చిన సరుకు ఈ-వే బిల్లుల్లో (సరుకు రవాణాకి ఆన్‌లైన్లో తీసే బిల్లులు) దించిన అడ్రసు ఉంటుంది, వన్‌టౌన్ అని ఉన్నవన్నీ తీయండి. గోడౌన్ అద్దె అగ్రిమెంటు, జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో అదనపు స్థలంగా చూపించిన పేజీ, బ్యాంకుకి నెలనెలా ఇచ్చిన స్టాక్ స్టేట్‌మెంటు జత చేయండి. బిల్లు పుస్తకాలు తడిసిపోయినా వీటిలో చాలావరకు ఆన్‌లైన్లోనో బ్యాంకులోనో దొరుకుతాయి.

కృష్ణలంక అన్న:
చూశారా, ఇప్పుడు ఈ సర్వేయర్ గారు చేసిన పనే మంచి కన్సల్టెంట్ చేస్తాడు. అందరికీ ఇలా అడగ్గానే చెప్పేవాళ్ళు దొరకరు సార్. రాజరాజేశ్వరీపేటలో, పాయకాపురంలో ఎంతమంది ఇచ్చింది తీసుకుని ఊరుకున్నారో! వాళ్ళకి ఆంబుడ్స్‌మన్ అనే మాటే తెలీదు. వాళ్ళకి 20 శాతం మనిషి కూడా లేకపోతే సున్నా.

పటమట అక్క:
తమ్ముడూ, మనిషి కావాలన్నదానికి నేనూ ఒప్పుకుంటా. అకౌంటెంట్‌కి రెండు రోజుల కూలి లెక్కన ఇవ్వండి, కాగితాలు రాసేవాడికి రాసినందుకు ఇవ్వండి. వాటా ఎందుకు? నేను లోన్ల పని చూసేదాన్ని, అందుకే అడుగుతున్నా. పాలసీ మీద బ్యాంకు పేరు ఉంటుంది, క్లెయిమ్ డబ్బు మామూలుగా లోను ఖాతాలో పడుతుంది. అదనంగా నాలుగున్నర లక్షలు వచ్చాయనుకోండి, మీ చేతికి నోటు రాదు, కన్సల్టెంట్‌కి మాత్రం 90 వేలు రొక్కం ఇవ్వాలి. అది ఎక్కణ్ణుంచి తెస్తారు, మళ్ళీ వడ్డీకా?

సింగ్‌నగర్ బట్టలషాపు:
అది నాకు తట్టనే లేదక్కా. కన్సల్టెంట్‌కి ప్రస్తుతానికి వద్దని చెప్పేశాను. ఈ-వే బిల్లులు మా అబ్బాయి దింపుతున్నాడు, సోమవారం గ్రీవెన్స్ సెల్‌కి మెయిల్ పెడతాం. పాత ఫైలు గారూ, ఒక సందేహం. వాళ్ళు ఒప్పుకున్న నాలుగు లక్షల వరకు ముందు తీసుకుని మిగతాదానికి పోరాడొచ్చా, లోను వడ్డీ పెరిగిపోతోంది.

పాత ఫైలు:
అడుగు. "అభ్యంతరంతో తీసుకుంటున్నాను, మిగతా మొత్తానికి నా హక్కు వదులుకోవడం లేదు" అని మెయిల్‌లో రాసి, అదే వాక్యం వోచర్ మీద కూడా రాసి సంతకం పెట్టు. అలా ఒప్పుకోం, మామూలు సంతకమే కావాలంటే ఆ మాట వాళ్ళ చేత మెయిల్‌లో రాయించు. ఆంబుడ్స్‌మన్‌కి పెట్టే ఫిర్యాదులో మొదటి కాగితం అదే అవుతుంది.